సీటీ కొలనోగ్రఫీకి వెళ్తున్నారా? వారం ముందు నుంచి రిపోర్టు దాకా ఏం చేయాలి

"గొట్టం వెయ్యకుండానే పెద్దపేగు చూసేస్తారంట కదా?" విశాఖలో మా సీటీ గది బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పొద్దున్నే ఆర్కే బీచ్‌కి నడకకి వెళ్తే అక్కడా అడుగుతారు. మొన్న ఒక పెళ్లిలో పప్పుచారు వడ్డిస్తూ కూడా అడిగారు. నా పని స్కాన్ తీయడం వరకే, జబ్బు తేల్చేది డాక్టరుగారు. కానీ స్కాన్ ఎక్కడ పాడవుతుందో రోజూ చూసేవాణ్ణి కాబట్టి బాగా తెలుసు. ఎక్కువసార్లు అది పాడయ్యేది ముందురోజు మీ వంటింట్లోనే. అందుకే ఇదంతా ఒకచోట రాసేస్తున్నాను.

విషయం క్లుప్తంగా ఇది. పెద్దపేగులోకి గాలి ఎక్కించి, వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి సీటీ తీస్తారు. ఆ బొమ్మలన్నీ కంప్యూటరు కలిపి, పేగు లోపల నడుచుకుంటూ వెళ్తున్నట్టు తెర మీద చూపిస్తుంది. బొర్రా గుహల్లో టార్చి వేసుకుని తిరిగినట్టే ఉంటుంది. అందుకే దీన్ని వర్చువల్ కొలనోస్కోపీ అని కూడా అంటారు. కెమెరా ఉన్న పొడవాటి గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పేగు లోపల చూసేది అసలు కొలనోస్కోపీ. 1994లో అమెరికాలో డేవిడ్ వైనింగ్ అనే రేడియాలజిస్టు మొదట చూపించారు కాబట్టి మరీ నిన్నటి వింతేమీ కాదు. ఈమధ్య మెరుగైనవి వేరే ఉన్నాయి: రేడియేషన్ తగ్గింది, బొమ్మ స్పష్టంగా వస్తోంది, అనుమానం ఉన్నచోట కంప్యూటరే గుర్తు పెట్టి రేడియాలజిస్టుకి చూపిస్తోంది.

వెతికేది పాలిప్ కోసం. పేగు గోడ మీద పులిపిరిలా లేచే చిన్న కండ అది. పెద్దపేగు క్యాన్సర్లు చాలావరకు అలా మొదలై ఏళ్ల తరబడి పెరుగుతాయి. 10 మి.మీ. లేదా అంతకన్నా పెద్ద పాలిప్ ఉన్న 100 మందిలో 90 మందిని ఈ స్కాన్ పట్టుకుంటుందని 2008లో అమెరికాలో 2,500 మందికి పైగా జనం మీద చేసిన అధ్యయనంలో తేలింది. 5 మి.మీ. లోపువి మాత్రం తప్పిపోతుంటాయి. గోడకి అతుక్కుని బల్లపరుపుగా ఉన్నవి కూడా.

ముందు ఇది తేల్చుకోండి: ఈ పరీక్ష మీకేనా?

ఏ ఇబ్బందీ లేనివాళ్లు ముందుజాగ్రత్తగా చేయించుకునేదే స్క్రీనింగ్. విరేచనంలో రక్తం పడుతున్నా, కొన్ని వారాలుగా విరేచనం తీరు మారినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తహీనతకి కారణం దొరక్కపోయినా మీరు ఆ లెక్కలోకి రారు. నేరుగా గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి, చాలామందికి కొలనోస్కోపీయే రాస్తారు. "మొలలకు ఆపరేషన్ లేకుండా చికిత్స" అని గోడల మీద రాసి ఉంటుంది చూశారా, ఆ గోడ దాటుకుని వెళ్లండి. రక్తం పడితే మొలలే అనుకుని ఏడాది పాటు పసరు మందు తాగి, చివరికి మా బల్ల మీదికి వచ్చినవాళ్లున్నారు.

వయసు సంగతి. అమెరికాలోని నిపుణుల బృందం 2021లో 45 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లకి స్క్రీనింగ్ చేయించాలని చెప్పింది. సీటీ కొలనోగ్రఫీ అయితే 5 ఏళ్లకోసారి, కొలనోస్కోపీ అయితే 10 ఏళ్లకోసారి, మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష అయితే ఏటా. మన దేశంలో ప్రభుత్వం చేస్తున్న క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గానీ పెద్దపేగు లేదు. ఆశా కార్యకర్త వచ్చి అడగలేదంటే అవసరం లేదని కాదు. అలాగని 30 ఏళ్ల కుర్రాడు వీడియోలు చూసి టెన్షన్ పడి స్కాన్ రాయించుకోనక్కర్లేదు.

అమ్మ, నాన్న, తోబుట్టువులు, పిల్లల్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చిందా? అయితే 40 ఏళ్లకి, లేదా వాళ్లకి బయటపడిన వయసుకి 10 ఏళ్ల ముందు, ఏది ముందొస్తే అప్పుడు మొదలుపెట్టాలి. మీకు స్కాన్ కన్నా కొలనోస్కోపీయే సరైంది.

గర్భిణులు, పేగుల్లో పుండ్లు వాపు ఉన్నవాళ్లు, ఈమధ్యే పేగు ఆపరేషన్ అయినవాళ్లు లేదా పాలిప్ తీయించుకున్నవాళ్లు, హెర్నియాలోకి పేగు దిగినవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. వీళ్లకి ఈ పరీక్ష వద్దనే అంటారు, లేదా వాయిదా వేస్తారు.

నా అభిప్రాయం అడిగితే, మత్తు తట్టుకోగలిగిన ఆరోగ్యవంతులకి కొలనోస్కోపీకే నా ఓటు. చూడ్డం, తీసేయడం ఒకేసారి అయిపోతాయి. స్కాన్‌లో పాలిప్ కనబడితే ఎలాగూ మళ్లీ కొలనోస్కోపీకి వెళ్లాల్సిందే. మత్తు పడనివాళ్లకి, రక్తం పలచబడే మందులు ఆపలేనివాళ్లకి, కొలనోస్కోపీ సగంలో ఆగిపోయినవాళ్లకి, "చచ్చినా ఆ పెద్ద గొట్టం వద్దు" అనేవాళ్లకి స్కాన్ మంచి దారి. ఏదీ చేయించుకోకపోవడం కన్నా చాలా నయం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డాక్టరు చీటీ, అందులో "సీటీ కొలనోగ్రఫీ" అని స్పష్టంగా రాసి ఉండాలి
- ఈమధ్య చేయించిన క్రియాటినిన్ రిపోర్టు (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష)
- మీరు వాడే మందులన్నీ రాసిన కాగితం, లేదా మందుల సంచీయే
- పేగు శుభ్రం చేసే పొడి, 2 లీటర్ల సీసా, కొలత గ్లాసు
- ట్యాగింగ్ మందు, అంటే పేగులో మిగిలిన మలం స్కాన్‌లో తెల్లగా కనబడేలా చేసే మందు (సెంటర్‌వాళ్లే ఇస్తారేమో అడగండి)
- పాత స్కాన్‌ల సీడీలు
- ముందురోజు సాయంత్రం నుంచి మీకొక్కరికే వదిలేసిన బాత్రూమ్, కాస్త వాసెలిన్. నవ్వకండి, పదోసారి వెళ్లొచ్చాక నా మాట గుర్తొస్తుంది.

1. బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగండి

రామ్‌నగర్, మహారాణిపేట, ఆరిలోవ హెల్త్ సిటీ వైపు వెళ్తే సీటీ మిషన్లకి కొదవ లేదు. కానీ మిషన్ ఉన్న ప్రతిచోటా ఈ పరీక్ష చేయరు. "సీటీ కొలనోగ్రఫీ చేస్తారా, తరచూ చేస్తుంటారా? కార్బన్ డయాక్సైడ్ ఎక్కించే మిషన్ ఉందా, చేతి పంపుతో గాలి కొడతారా? ట్యాగింగ్ ఇస్తారా? ఈ స్కాన్లు చదివి అలవాటున్న రేడియాలజిస్టు ఉన్నారా? పాలిప్ కనబడితే ఆ రోజే కొలనోస్కోపీ చేయించే వీలుందా?" చేతి పంపు అయినా స్కాన్ బాగానే వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పేగులోంచి త్వరగా రక్తంలో కలిసిపోతుంది కాబట్టి తర్వాత ఉబ్బరం తక్కువ, అంతే తేడా. చివరి ప్రశ్నకి "ఉంది" అని జవాబొస్తే మాత్రం అదృష్టం, పేగు రెండోసారి కడుక్కోనక్కర్లేదు.

హెచ్చరిక: మామూలు "సీటీ అబ్డామిన్" ఇది కాదు. అందులో పేగు ముడుచుకునే ఉంటుంది, చిన్న పాలిప్‌లు కనబడవు. "పోయినేడు కడుపు సీటీ తీశారు, నార్మల్ అన్నారు, పేగు కూడా చూసేసినట్టే కదా" అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. చూసినట్టు కాదు.

2. వారం ముందు మందుల లెక్క

ఐరన్ మాత్రలు వాడుతుంటే 5 నుంచి 7 రోజుల ముందు ఆపమంటారు. మలాన్ని నల్లగా, జిగటగా చేసి పేగు గోడకి అంటిస్తాయి. షుగరు మందులు, ఇన్సులిన్ ఉపవాసం రోజున అదే మోతాదులో వేసుకుంటే షుగరు పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు ఇంకా ముందే ఆపాల్సి రావచ్చు. ఎన్ని, ఎప్పుడు అన్నది మీ డాక్టరుగారితో రాయించుకోండి. రక్తం పలచబడే మందులు ఒక్క స్కాన్ కోసమైతే సాధారణంగా ఆపనక్కర్లేదు. సొంతంగా మాత్రం ఎప్పుడూ ఆపకండి, స్టెంట్ వేసుకున్నవాళ్లు మరీనూ.

కిడ్నీల సంగతి విడిగా చెప్పాలి. కవిటి, సోంపేట, పలాస, ఇచ్ఛాపురం నుంచి మా దగ్గరికి చాలామంది వస్తారు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! మీది ఆ ప్రాంతమైనా, మీ ఇంట్లో ఎవరైనా డయాలసిస్‌లో ఉన్నా, క్రియాటినిన్ చూపించకుండా పేగు కడిగే మందు కొనకండి. సోడియం ఫాస్ఫేట్ ఉన్న చిన్న సీసా మందు తాగడానికి తేలిక, అందుకే జనం అదే అడిగి కొనుక్కుంటారు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి, పెద్దవయసువాళ్లకి అది ప్రమాదం. వీళ్లకి మామూలుగా పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడే ఇస్తారు. మందుల షాపులో "అది లేదు, ఇది తీసుకోండి, రెండూ ఒకటే" అంటే ఒప్పుకోవద్దు.

3. మూడు రోజుల ముందు నుంచి తిండి

పీచు, గింజ, తొక్క, ఆకు. ఈ నాలుగూ మానేయాలి. చెప్పడానికి సులువే, మన వంటల్లో అవి దాక్కునే చోట్లే ఎక్కువ. గోంగూర, తోటకూర, మునగాకు వద్దని అందరూ ఊహిస్తారు. చోడి (రాగి) అంబలి, జామకాయ, సీతాఫలం, వంకాయ, బెండకాయ, నువ్వులు, కొబ్బరికోరు కూడా వద్దు. పనసపొట్టు కూరకైతే దండం పెట్టి పక్కకి జరగండి. అందరూ మరిచిపోయేది పోపు! ఆవాలు, జీలకర్ర, మెంతులు అరగకుండా అలాగే దిగిపోతాయి. ఒకాయన మూడు రోజులూ ఒట్టి పెరుగన్నమే తిన్నానని ప్రమాణం చేశారు, బొమ్మలో చూస్తే గింజలే గింజలు. ఇంటావిడ పెరుగన్నంలోకి ఆవాల పోపు పెట్టి, దానిమ్మ గింజలు కూడా చల్లారట.

తినదగ్గవి: తెల్లన్నం, ఇడ్లీ, పోపు లేని పెరుగు, గుడ్డు, తొక్క తీసి మెత్తగా ఉడికించిన బంగాళాదుంప, తెల్ల బ్రెడ్డు, ముల్లు తీసిన చేప. వంజరం పులుసైనా ఫరవాలేదు, చింతపండు రసం బాగా వడకట్టి, కరివేపాకు తీసేసి తినండి.

4. ముందురోజు: నీళ్లలాంటివి మాత్రమే, ఆపై పొడి

ఆ రోజు గట్టి తిండి లేదు. వడకట్టిన చారు, వడకట్టిన నిమ్మరసం, కొబ్బరినీళ్లు, పాలు లేని టీ తాగొచ్చు. పాలు, మజ్జిగ వద్దు. ఎర్ర షర్బత్ కూడా వద్దు, కొలనోస్కోపీ అవసరమైతే లోపల రక్తంలా కనబడి తికమక పెడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కొబ్బరినీళ్ల జోలికి పోకండి, అందులో పొటాషియం ఎక్కువ.

పొడిని చీటీలో రాసినన్ని నీళ్లలోనే కలపండి. సాధారణంగా 2 లీటర్లు ఉంటుంది. "కొంచెం చిక్కగా కలిపి తొందరగా తాగేస్తా" అనే తెలివి వద్దు. 10–15 నిమిషాలకో గ్లాసు చొప్పున తాగండి. ఫ్రిజ్‌లో చల్లబరిచి, నాలుక మీద నిమ్మచెక్క రాసుకుంటే దిగుతుంది. వికారం వస్తే అరగంట ఆగి నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. వాంతులు ఆగకపోయినా, కడుపు బిగుసుకుపోయి నొప్పి వచ్చినా తాగడం మానేసి ఫోన్ చేయండి.

అందరూ చేసే తప్పు ఇక్కడే. మూడుసార్లు విరేచనం కాగానే "అయిపోయింది, ఇంకెందుకు" అని మిగతాది సింకులో పారబోస్తారు. అప్పటికి శుభ్రమైంది ఎడమవైపు పేగే. కుడివైపు, అంటే చిన్నపేగు వచ్చి కలిసే చోట, ఇంకా అలాగే ఉంటుంది.

ఎలా చెక్ చేసుకోవాలి? రంగు చూడండి. ముదురు గోధుమ రంగు, ముక్కలు ఉంటే పని సగమే అయినట్టు. నారింజ రంగు మురికినీళ్లయితే ఇంకా కాలేదు. అడుగు కనబడేంత తేటగా, లేత పసుపు నీళ్లు వస్తే అయినట్టు. ట్యాగింగ్‌కి బేరియం తాగి ఉంటే కాస్త తెల్లగా రావచ్చు, కంగారు పడకండి. మొత్తం తాగినా తేట కాకపోతే పొద్దున్నే సెంటర్‌కి ఫోన్ చేసి చెప్పేయండి. మురికి పేగుతో తీసిన స్కాన్‌కి డబ్బు కట్టడం కన్నా తేదీ మార్చుకోవడం మేలు.

5. ట్యాగింగ్ మందు మానకండి

ఎంత కడిగినా కొంచెం నీరు, కొంచెం మలం మిగులుతాయి. బేరియం లేదా అయోడిన్ మందు కొద్దిగా తాగితే ఆ మిగిలింది స్కాన్‌లో తెల్లగా మెరుస్తుంది. పాలిప్ మెరవదు. అలా రెండింటినీ విడదీస్తారు. "చిన్న సీసాయే కదా" అని వదిలేస్తే మలం ముద్ద పాలిప్‌లా కనబడి, లేనిపోని కొలనోస్కోపీకి పంపాల్సి వస్తుంది. గతంలో అయోడిన్ మందు పడకపోయి ఉంటే ముందే చెప్పండి.

6. స్కాన్ రోజు

చెప్పిన టైముకి అరగంట ముందు రండి. గాజువాక వైపు నుంచి వచ్చేవాళ్లు ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌ని, మధ్యలో బాత్రూమ్ అవసరాన్ని రెండింటినీ లెక్కలో వేసుకోండి.

గొట్టం అసలే ఉండదన్నది సగం నిజమే. మెత్తటి, వేలికన్నా సన్నటి చిన్న గొట్టం మలద్వారంలో కొద్దిగా పెడతారు. దాంట్లోంచి గాలి వెళ్తుంది. కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టినట్టు ఉంటుంది. మత్తు ఇవ్వరు. బల్ల మీద మొత్తం 10–15 నిమిషాలు. ఆడవాళ్లు మహిళా టెక్నీషియన్ కావాలని మొహమాటం లేకుండా అడగండి. పేగు సడలడానికి ఇంజక్షన్ ఇస్తామంటే గ్లాకోమా, ప్రోస్టేట్, గుండె దడ లాంటివి ఉన్నాయేమో చెప్పాలి.

ఒక్కటి గుర్తుంచుకోండి: గాలి బయటికి వదలకండి! మొదటి స్కాన్ అయ్యాక బోర్లా తిరగమన్నప్పుడు సిగ్గుపడుతూనే కొందరు వదిలేస్తారు. పేగు ముడుచుకుపోతుంది, ఎడమవైపు కింద వంకర తిరిగే సిగ్మాయిడ్ భాగం ముందుగా. మళ్లీ ఎక్కించి మళ్లీ తీయాలి, అంటే రేడియేషన్ ఎక్కువ. తట్టుకోలేకపోతే నోటితో చెప్పండి, ఆపుతాం. మాకిది రోజూ ఉండే పని, చప్పుడైనా ఎవరూ నవ్వరు.

రేడియేషన్ భయం ఉన్నవాళ్లకి: స్క్రీనింగ్ కోసం తక్కువ డోసులో తీస్తే సుమారు 5 మిల్లీసీవర్ట్‌లు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2.4.

అయ్యాక బాత్రూమ్‌కి వెళ్లి, ఏదైనా తిని, ఆఫీసుకి పోవచ్చు. పేగు సడలే ఇంజక్షన్ వల్ల చూపు మసకగా లేకపోతే బండి కూడా నడపొచ్చు. పేగుకి చిల్లు పడటం చాలా అరుదు. అయినా కడుపునొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, రక్తం పడినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

7. రిపోర్టు చేతికొచ్చాక

చివరి లైను ఒక్కటే చదివి మడిచి పెట్టకండి. పేగు ఎంత శుభ్రంగా ఉంది, గాలి బాగా నిండిందా, రెండు భంగిమల్లోనూ తీశారా అన్నవి ముందు వెతకండి. అవి సరిగా లేకుండా "నార్మల్" అని ఉంటే ఆ నార్మల్‌కి విలువ లేదు.

సీ-రాడ్స్ అనే కొలమానం ప్రకారం అంకె రాసి ఉండొచ్చు. సీ0 అంటే చూడ్డానికి వీల్లేకపోయింది. సీ1 అంటే పాలిప్ లేదు, 5 ఏళ్ల తర్వాత మళ్లీ. సీ2 అంటే 6 నుంచి 9 మి.మీ. పాలిప్‌లు ఒకటో రెండో ఉన్నాయి. ఆగి మళ్లీ స్కాన్ చేయాలా, ఇప్పుడే కొలనోస్కోపీకి వెళ్లాలా అన్నది డాక్టరుతో మాట్లాడుకోవాలి. సీ3 అంటే 10 మి.మీ. లేదా అంతకన్నా పెద్దది ఉంది, లేదా 6–9 మి.మీ.వి మూడో అంతకన్నా ఎక్కువో ఉన్నాయి. కొలనోస్కోపీ తప్పదు. సీ4 అంటే గడ్డలా ఉంది, క్యాన్సర్ కావచ్చు. అప్పుడు ముహూర్తాలు చూడొద్దు. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆ వారంలోనే వెళ్లండి.

పక్కన "ఈ" (ఇంగ్లిషు E) అక్షరంతో ఇంకో అంకె ఉంటే అది పేగు బయట కనబడినవాటి గురించి. కిడ్నీలో నీటి తిత్తి లాంటివి దాంట్లోకి వస్తాయి. చాలావరకు పట్టించుకోనక్కర్లేనివే, ఈ3, ఈ4 అయితే అడగండి.

8. కొలనోస్కోపీకి పంపితే

అక్కడా కొత్త కళ్లొచ్చాయి. 2021లో అమెరికాలో అనుమతి పొందిన రకం ఏఐ సాఫ్ట్‌వేర్, కెమెరా కదులుతుండగానే అనుమానం ఉన్నచోట తెర మీద ఆకుపచ్చ డబ్బా గీసి చూపిస్తుంది. బుడగని చూసి కూడా గీస్తుంది, అందుకే చివరి మాట డాక్టరుదే. ఎన్‌బీఐ అనే పద్ధతిలో నీలి, ఆకుపచ్చ కాంతితో చూస్తే పాలిప్ మీది రక్తనాళాల అల్లిక స్పష్టంగా కనబడుతుంది. ఇవి ఉన్నాయా అని అడగండి, లేకపోతే మానేయకండి. అంతకన్నా ముఖ్యం రిపోర్టులో ఇవి ఉన్నాయా అన్నది: కెమెరా పేగు చివరి సీకమ్ దాకా వెళ్లిందని ఫొటో, పేగు శుభ్రతకి బోస్టన్ స్కోరు (9కి కనీసం 6, మూడు భాగాల్లో ప్రతిదానికీ కనీసం 2), వెనక్కి తీస్తూ చూడ్డానికి పట్టిన సమయం కనీసం 6 నిమిషాలు. కొత్త సూచనలైతే 8 అంటున్నాయి. ఆ రోజు మత్తు ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లని తోడు తెచ్చుకోండి, బండి తాళాలు వాళ్ల చేతికిచ్చేయండి.

మింగే కెమెరా మాత్ర గురించి కూడా అడుగుతుంటారు. సుమారు 3 సెం.మీ. పొడవు, రెండు వైపులా కెమెరాలు. దానికి పేగు ఇంకా శుభ్రంగా ఉండాలి, అది కదలడానికి మధ్యలో మళ్లీ మందు తాగాలి. పాలిప్ కనబడితే మళ్లీ కొలనోస్కోపీయే. పొడి తాగడం తప్పించుకోవడానికి దాన్ని ఎంచుకునేవాళ్లకి నిరాశ తప్పదు.

వచ్చేటప్పుడు ఫిల్ముతో సరిపెట్టుకోకుండా సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ము మీద పేగు లోపల తిరగడం కుదరదు. 5 ఏళ్ల తర్వాత ఇంకో రేడియాలజిస్టు పోల్చి చూడాలన్నా, పాలిప్ 6 మి.మీ. నుంచి 9కి పెరిగిందో లేదో తేల్చాలన్నా ఆ సీడీయే కావాలి. ఈమధ్య లాప్‌టాప్‌లకి సీడీ పెట్టే చోటే ఉండటం లేదు, అక్కడే పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించమనండి.